ఎడమవైపు చూడండి

మొదటి పాఠం, ఏటికి వీపు పెట్టడం.

"నువ్వు చూడ్డానికి రాలేదమ్మాయ్,
చూపించడానికొచ్చావు" అన్నారు ఫణీంద్రగారు
దిండి రేవులో, లాంచీ ముందుభాగాన నన్ను నిలబెట్టి.
బుద్ధెరిగాక
అలా నిలబడ్డం అదే మొదలు.
వెనకాల ఎవరో పిలుస్తున్నట్టు
మెడనరం లాగుతూనే ఉంది.

ఇరవై ఆరు రోజులు. పద్నాలుగుమందిమి.
లేసు అల్లకం మానేసి వచ్చిన నర్సాపురం కుంతల,
ఆటో అమ్మేసుకున్న రాజోలు బెన్హర్,
హోటలు డిగ్రీ ఉండి ఈత రాని కాకినాడ కుర్రాడొకడు.
చేతిలో చిన్న జెండా, మెడలో బిళ్ళ:
తిరుమాని వీరవేణి, గైడు,
కింద సన్నగా, శిక్షణలో.

చెయ్యి ఎలా చాపాలో నేర్పారు.
వేలెత్తి చూపితే తప్పు పట్టినట్టుంటుందిట,
అరచెయ్యి మొత్తం తెరవాలి,
వడ్డించినట్టు.
మైకు పెదాలకి బెత్తెడు దూరం.
"తెలీదు" అనకూడదు,
"కనుక్కుని చెప్తానండీ" అనాలి.
పులస గురించి అడుగుతారు, ఏ నెలలో వచ్చినా అడుగుతారు,
నవ్వాలి.

తలల లెక్క మాత్రం నాకొకరు నేర్పక్కర్లేదు.
మా నాన్న సఖినేటిపల్లి పంటు మీద
పదిహేడేళ్ళు తాడు విసిరిన మనిషి.
తలల్ని నమ్మకే అనేవాడు,
ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కుంటారు,
పాదాలు చూడు, సగం చెయ్యి,
చంకనెక్కిన పిల్లల్ని విడిగా కలుపు.
ఫణీంద్రగారికి చెప్తే కాసేపాగి
తన పుస్తకంలో రాసుకున్నారు.
ఆ రాత్రి అన్నం మారు పెట్టించుకున్నాను.

తర్వాత వచ్చింది, చెప్పకూడని వాటి కాగితం.
తుపాన్లు. పడవ ప్రమాదాలు. రొయ్యల చెరువుల కంపు.
కోత.
కోతంటే వరికోత అనుకున్నాడు ఈత రాని కుర్రాడు.
ఎవరూ నవ్వలేదు.
"సెలవు పెట్టుకుని వస్తాడు మనిషి,
వాడికి మన ఏడుపెందుకు" అన్నారు మాస్టారు.
అదీ నిజమే.

ఆఖరిరోజు పరీక్ష.
హైదరాబాదు అధికారులిద్దరు, వాళ్ళ చుట్టాలు,
బరంపురం నుంచొచ్చిన ఒక పెద్దావిడ,
నలభై నాలుగు పాదాలు, చంకలో ఒకడు,
ఇరవై మూడు.
పాఠం నోటికొచ్చు:
కుడివైపు కొబ్బరితోటలు,
ఎడమవైపు విశాలమైన జలరాశి,
ఎదురుగా, నీళ్ళు రంగు మారేచోట, సముద్రం.

లాంచీ మలుపు తిరిగింది.
కుడివైపు చెప్పాను. బాగానే చెప్పాను.
ఎడమవైపు అరచెయ్యి తెరిచి
విశాలమైన, అన్నాను.
చంకలో పిల్లాడు అటే చూసి
"ఏదీ?" అన్నాడు.

ఏదీ.
అక్కడే బాబూ, నీ చూపు ఆగిన చోట
మా వీధి కుళాయి.
దానికివతల మా బడి, రెండు గదులు.
ఒక గది పోయిన ఏడాదికి రెండోది పోయింది,
ఆ మధ్యంతా గోడ లేని వైపు కూర్చుని
ఎక్కాలు నీళ్ళకే అప్పజెప్పాం.
వరదొచ్చి ఒక్కసారి ఎత్తుకుపోలేదు లంకని,
రోజుకి మూరెడు, రొట్టె కొరికినట్టు.
పాటు దిగిన రాత్రుళ్ళు
మట్టిపెళ్ళలు జారే చప్పుడు వింటూ పడుకునేవాళ్ళం,
ఎవరో నిదానంగా మెట్లు దిగుతున్నట్టు.
మా అమ్మ మల్లెపాదుని మూడుసార్లు వెనక్కి జరిపింది,
నాలుగోసారి డబ్బాలో పెట్టి పడవెక్కించింది.

ఇదంతా మైకులో చెప్పానని
నాకు తర్వాత తెలిసింది.

ఇంజను చప్పుడు తగ్గింది, సరంగు తనంతట తనే తగ్గించాడు.
పెద్దావిడ లేచి ఎడమవైపుకొచ్చింది,
ఇంకొకరు, ఇంకొకరు.
లాంచీ ఒరిగింది.
"అందరూ ఒక్కవైపుకి రాకండి, దయచేసి కూర్చోండి."
ఆ మాట పాఠంలోదే, తడబడకుండానే అన్నాను,
ఏటివైపు తిరిగి,
జనానికి వీపు పెట్టి.

మార్కుల కాగితం రేవులో ఇచ్చారు.
కంఠం బాగుంది. సమయం నాలుగు నిమిషాలు ఎక్కువ.
వీపు చూపించినందుకు ఐదు తగ్గింపు.
దిగేటప్పుడు లెక్క తప్పు, ఇరవై నాలుగు అంది.
"గైడుని కలపకూడదమ్మా లెక్కలో" అని ఎర్రసిరా,
ఫణీంద్రగారి చేతిరాత.

దాని కింద పెన్సిలుతో, చిన్నగా:
ఆ కుళాయి దగ్గర ఇప్పుడు లోతెంత ఉంటుంది?

కనుక్కుని చెప్తానండీ.